బ్యాంకాక్‌లో మొదటి రోజు: ఇద్దరం, ఒకరు శాకాహారి, దిగేది సోమవారం ఉదయం (ప్రయాణాల ఫోరంలో సంభాషణ; ప్రతి భాగం పైన ఉన్నది రాసినవారి మారుపేరు)

కొత్త పాస్‌పోర్టు

నవంబరు మూడో వారంలో నేనూ మా ఆవిడా బ్యాంకాక్ వెళ్తున్నాం. ఇద్దరికీ ఇదే మొదటి విదేశీ ప్రయాణం. హైదరాబాద్‌లో అర్ధరాత్రి ఎక్కితే సోమవారం ఉదయం ఆరింటికి సువర్ణభూమి విమానాశ్రయంలో దిగుతాం. హోటల్ ప్రతూనామ్‌లో, బయోక్ టవర్ దగ్గర. చెకిన్ మధ్యాహ్నం రెండింటికి అన్నారు.

మొదటి రోజుకి నేను వేసుకున్న లెక్క ఇది: సామాను హోటల్లో పడేసి గ్రాండ్ ప్యాలెస్ (రాజభవనం), అక్కడి నుంచి వాట్ ఫో గుడి, పడవలో వాట్ అరుణ్ గుడి, సాయంత్రం యావరాత్ చైనాటౌన్‌లో రోడ్డు పక్క తిండి. మా ఏజెంటేమో ఇవన్నీ వద్దు, సగం రోజు సిటీ టూర్ తీసుకోండి, వ్యాను హోటల్‌కే వస్తుందంటున్నాడు.

ఆవిడ పూర్తి శాకాహారి, గుడ్డు కూడా తినదు. నేను కోడి, చేప, రొయ్య తింటాను. బీఫ్, పంది ముట్టను. నా లెక్క ఒక్క రోజులో కుదురుతుందా? ఆవిడ ఏం తినగలదు? చేతిలో ఎంత డబ్బు ఉంచుకోవాలి?

పట్టాలమీద

కాగితం మీద కుదురుతుంది, నేల మీద కుదరదండి. మీ లెక్కలో రెండు చిక్కులున్నాయి.

మొదటిది టైము. ఆరింటికి దిగినా ఇమిగ్రేషన్, సామాను అయ్యేసరికి ఏడున్నర. హోటల్ చేరి, సంచులు అప్పజెప్పి, ముఖం కడుక్కునేసరికి తొమ్మిది. ప్యాలెస్ గేటు దగ్గరికి వెళ్లేసరికి పదిన్నర అవుతుంది. ప్యాలెస్ తెరిచేది ఎనిమిదిన్నరకి. పది దాటితే టూరు బస్సుల జనమంతా లోపలే ఉంటారు, పైన నీడ లేని రాతి ఆవరణ. రాత్రంతా నిద్ర లేని మనుషులు మనిషికి 500 బాత్ (థాయ్ డబ్బు) పెట్టి ఆ ఎండలో నిలబడితే మిగిలేది తలనొప్పి.

రెండోది వారం. యావరాత్ తోపుడుబళ్లలో చాలావాటికి సోమవారం సెలవు. వీధి ఉంటుంది, దీపాలుంటాయి, బళ్లు పలుచగా ఉంటాయి. కాబట్టి ప్యాలెస్, యావరాత్ రెండూ మంగళవారానికి నెట్టండి. సోమవారం ఇలా నడపండి.

విమానాశ్రయం అడుగు అంతస్తులో ఎయిర్‌పోర్ట్ రైల్ లింక్ ఉంటుంది. రాచప్రారోప్ స్టేషన్‌కి మనిషికి 40 బాత్, అరగంట లోపు ప్రయాణం. అక్కడి నుంచి మీ హోటల్‌కి నడకే. సోమవారం ఉదయం ఏడున్నరకి రోడ్డు మీద టాక్సీ ఎక్కితే బండి నిలబడ్డా మీటరు తిరుగుతూనే ఉంటుంది. పైగా మీటరు మీద విమానాశ్రయం వాళ్ల 50 బాత్, టోలు రుసుములు మీరే కట్టాలి. రైల్లో ఒక్కటే ఇబ్బంది. మీరు ఎక్కేది మొదటి స్టేషన్ కాబట్టి సీటు దొరుకుతుంది, దారిలో ఆఫీసుల జనం ఎక్కేసరికి పెద్ద సూట్‌కేసుతో దిగడం కష్టం. తలుపు పక్కనే కూర్చుని, మక్కసాన్ దాటగానే లేచి సిద్ధంగా ఉండండి. మనిషికో చిన్న పెట్టె కన్నా ఎక్కువుంటే టాక్సీయే నయం.

డబ్బు మార్చే కౌంటర్లు కూడా ఆ అడుగు అంతస్తులోనే, రైలు గేట్ల దగ్గర వరసగా ఉంటాయి. పైన సామాను బెల్టుల దగ్గర, బయటికొచ్చే హాల్లో ఉండే బ్యాంకు కౌంటర్ల కన్నా ఇక్కడ రేటు బాగా ఎక్కువ. డాలర్లయితే 100 నోట్లు తీసుకెళ్లండి, చిన్న నోట్లకి రేటు తగ్గిస్తారు. చిరిగినవీ, పెన్ను గీతలున్నవీ తీసుకోరు. ఏటీఎంలో తీస్తే మన కార్డుకి ప్రతిసారీ 220 బాత్ పైనే కోత, దాని మీద మీ బ్యాంకు చార్జీ వేరు.

హోటల్లో సంచులిచ్చి రిసెప్షన్‌లో ఒక మాట అడగండి: గది ముందే ఖాళీ అయితే ఎప్పటికి ఇస్తారని. చాలాచోట్ల పదకొండు, పన్నెండుకి ఇచ్చేస్తారు. అప్పటిదాకా టిఫిను, ఆ తర్వాత ఎరవాన్ మందిరం. ప్రతూనామ్ నుంచి కిలోమీటరు పైచిలుకు నడక. నాలుగు ముఖాల బ్రహ్మ. ఎరవాన్ హోటల్ కడుతున్నప్పుడు 1956లో ప్రతిష్ఠించారు. మన దగ్గర బ్రహ్మకి గుళ్లు వెతుక్కోవాలి, ఇక్కడ నడివీధి కూడలిలో బంతిపూల దండలతో మునిగిపోయి ఉంటాడు. టికెట్ లేదు.

తిరిగొచ్చి స్నానం చేసి రెండు గంటలు పడుకోండి. ఈ నిద్ర ఎగ్గొడితే సాయంత్రం ఏ గుడీ ఎక్కదు.

రెండుంపావుకి బయల్దేరండి. రాచప్రారోప్ నుంచి ఒక్క స్టేషన్ మక్కసాన్. అక్కడి నుంచి పైవంతెన మీద నడిస్తే పెచ్చబురి మెట్రో. బ్లూ లైన్‌లో లక్ సాంగ్ వైపు బండి ఎక్కితే, మారకుండా పదో స్టేషన్ సనామ్ చై. నలభై బాత్ అటూఇటూ. పైకొచ్చాక ఐదు నిమిషాల నడకలో వాట్ ఫో. మూడుంపావుకల్లా లోపల ఉంటారు.

వాట్ ఫో టికెట్ 300. శయన బుద్ధుడి పొడవు 46 మీటర్లు, ఎత్తు 15. హాల్లో అడ్డంగా స్తంభాలుంటాయి కాబట్టి నిలువునా ఫొటో ఎక్కడి నుంచీ రాదు. పాదాల వైపు చివరికి వెళ్లి తీయాలి. అరికాళ్ల మీద ముత్యపుచిప్పతో పొదిగిన 108 శుభచిహ్నాలు అప్పుడు కనిపిస్తాయి. వీపు వైపు గోడ పొడుగునా 108 కంచు గిన్నెలు. చిల్లర కొనుక్కుని ఒక్కో నాణెం వేసుకుంటూ వెళ్లాలి. ఆ గలగల హాలంతా వినిపిస్తూనే ఉంటుంది.

నాలుగుంపావుకి బయటపడి ఎదురుగా తా తియన్ రేవుకి వెళ్లండి. ఇక్కడ జాగ్రత్త: పర్యాటకుల పడవల వాళ్లు ముందు నిలబడి వందల బాత్‌ల టికెట్లు చూపిస్తారు. మీకు కావలసింది అవతలి ఒడ్డుకి వెళ్లే బల్లకట్టు లాంటి పడవ. దాని గేటు వేరు, టికెట్ 5 బాత్. వాట్ అరుణ్‌కి 200. ఆరింటికి మూసేస్తారు. ఎక్కేటప్పుడు మెట్ల నిటారుతనం తెలియదు, దిగేటప్పుడు తెలుస్తుంది. పట్టుకునే కడ్డీ వదలొద్దు.

ఐదున్నరకి అదే పడవలో వెనక్కి రండి. నవంబరులో పొద్దు ఐదూ యాభై ప్రాంతంలో కుంకుతుంది. సూర్యుడు దిగేది గుడి వెనక కాబట్టి చూడవలసింది తా తియన్ ఒడ్డు నుంచి. గుడిలోనే ఉండిపోతే ఆ దృశ్యం మీ వెనక జరిగిపోతుంది.

రాత్రి భోజనానికి అదే మెట్రోలో వెనక్కి వస్తూ సుఖుంవిత్ స్టేషన్‌లో దిగి టెర్మినల్ 21 మాల్‌లో పైనున్న ఫుడ్ కోర్టుకి వెళ్లండి. పెచ్చబురికి ఒక్క స్టేషన్ ముందు, ఇంటిదారే. కౌంటర్లో డబ్బిస్తే కార్డు ఇస్తారు, మిగిలింది అదే రోజు తిరిగిస్తారు. బొమ్మలు, ధరలు పైనే ఉంటాయి. మాల్ కదా ఖరీదనుకోకండి, మామూలు కొట్ల ధరలే.

ఇద్దరికి ఆ రోజు గుళ్లకి 1000, రైళ్లకి 300 పైచిలుకు, తిండికి 700 నుంచి 800. మొత్తం రెండు వేలు, రెండున్నర వేల బాత్ చేతిలో ఉంటే చాలు. బాత్ రెండున్నర, మూడు రూపాయల మధ్య ఆడుతుంటుంది.

కరివేపాకు

తిండి సంగతి చెప్తాను. పైవారి దారి బాగుంది, టిఫిను అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

ముందు మీ ఆవిడ గురించి. "మాంసం వద్దు" అంటే అక్కడ ఎవరికీ తప్పుగా అర్థం కాదు. మాంసం తీసేసి, చేపసాస్ పోసి ఇస్తారు. వాళ్ల లెక్కలో నామ్ ప్లా (ఆ చేపసాస్) మనకి ఉప్పులాంటిది. ఆకుకూర వేపుడులో ఆయిస్టర్ (ఆల్చిప్ప) సాస్, బొప్పాయి కాయ సలాడ్‌లో ఎండు రొయ్యలు, గ్రీన్ కర్రీ ముద్దలో రొయ్యల పేస్టు. చాలావరకు పైకి కనిపించేవి కావు, తీసేయగలిగేవీ కావు.

అందుకే వాడాల్సిన మాట "జే". "కిన్ జే" అంటే చైనా పద్ధతి శాకాహారం: మాంసం, చేప, గుడ్డు, పాలు, వెల్లుల్లి, ఉల్లి ఏవీ ఉండవు. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలు, మన కళ్లకి 17 అంకెలా కనిపిస్తాయి. బండి మీద ఆ గుర్తుంటే కళ్లు మూసుకుని తినొచ్చు. సెవెన్ ఎలెవెన్‌లో పొట్లాల మీద కూడా ఇదే గుర్తు చూసుకోండి. అక్కడ అందరూ పొగిడే వేడి శాండ్‌విచ్‌లలో ఎక్కువ భాగం హ్యామే, అది మీకూ పనికిరాదు. ఫుడ్ కోర్టులో కూడా ముందు జే గుర్తున్న కౌంటర్ వెతకండి. మామూలు కౌంటర్లో "వెజ్" అంటే చాలదు.

పసుపు గుర్తు లేకుండా నమ్మగలిగినవి: కోసిన పండ్లు, కొబ్బరి బోండం, కాల్చిన మొక్కజొన్న, మామిడిపండుతో జిగురన్నం. ఈ చివరిది కొబ్బరిపాలలో నానిన అన్నం, పైన వేయించిన పెసరపప్పు. మామిడి అసలు సీజన్ మార్చి నుంచి మే. నవంబరులో దొరుకుతుంది, ధర ఎక్కువ, తీపి తక్కువ. పండు కోసి పెట్టెల్లో సర్దేసిన చోట కాకుండా, అడిగాక కోసే చోట కొనండి. అరటిపండు రోటీ బండి దగ్గర "మై సై ఖై" అనండి, పైన గుడ్డు వేయరు, పిండిలో ముందే కలిపి ఉండొచ్చు, అదీ అడగండి. మై సై అంటే వేయొద్దని. కై అంటే కోడి, ఖై అంటే గుడ్డు, మన నోట్లో రెండూ ఒకేలా వస్తాయి కాబట్టి గుడ్డు వైపు వేలు చూపించి చెప్పండి.

కొట్లలో బల్ల మీద నాలుగు గిన్నెల స్టాండు ఉంటుంది. పంచదార, ఎండు కారం, మిరప ముక్కల వెనిగర్, నాలుగోది మిరప ముక్కలు వేసిన చేపసాస్. చివరి రెండూ చూడ్డానికి దగ్గరగా ఉంటాయి. వాసన చూశాకే ఆవిడ గిన్నె వైపు రానివ్వండి.

ఇక మీ సంగతి. మీకు బీఫ్ గొడవ తక్కువ, అసలు చిక్కు పంది. ఏ మాంసం కావాలో చెప్పకపోతే చాలా కొట్లలో పడేది పందే. నూడుల్స్ పులుసు ఎముకలు కూడా చాలాచోట్ల దానివే, పైన వేసింది చేప ఉండలైనా సరే. కాబట్టి కోడి అని ముందే చెప్పి చేయించుకునేవే తినండి. తులసి ఆకు వేపుడు "కప్రావ్ కై" అలాంటిది. హలాల్ గుర్తున్న కొట్టులో పంది ఉండదు, బీఫ్ ఉండొచ్చు. మూ అంటే పంది, నూవా అంటే గొడ్డుమాంసం, కుంగ్ రొయ్య, ప్లా చేప. ఈ నాలుగూ ఫోన్లో రాసి పెట్టుకోండి.

ప్రతూనామ్‌లోనే పెచ్చబురి రోడ్డు సొయ్ (సందు) 30 మూల మీద గులాబీ చొక్కాల పనివాళ్లుండే చికెన్ రైస్ కొట్టు ఉంది. ఖావ్ మన్ కై అంటారు. ఉడికించిన కోడి, అల్లం, సోయా పచ్చడి, పక్కన పలుచటి పులుసు. పళ్లెంలో ముదురు గోధుమరంగు ముక్కలు జున్నులా ఉంటే అది గడ్డకట్టిన రక్తం. అక్కర్లేకపోతే "మై ఆవ్ లుయాత్" అనండి. అన్నాన్నే కోడి కొవ్వులో, పులుసులో వండుతారు, కాబట్టి "ఉత్త అన్నం పెట్టండి" అన్నా మీ ఆవిడకి అది పనికిరాదు. ఆవిడకి టిఫిను ఆ పక్క సందుల్లోని ఉత్తరాది హోటళ్లలో. పరోటా, పెరుగు దొరుకుతాయి. ఉదయం ఎనిమిదికే అన్నీ తెరవరు. ఇంటి నుంచి నాలుగు చపాతీలో, పులిహోర పొడో సంచిలో ఉంటే ఆ మొదటి పూట గడిచిపోతుంది.

దశకంఠుడు

నేను కాస్త ఎదురు చెప్తాను. ప్యాలెస్‌ని మంగళవారానికి నెట్టడం సరే, కానీ మంగళవారం ఎనిమిదిన్నరకి గేటు ముందు లేకపోతే ఇంత సర్దుబాటూ వృథా. ఏడుంపావుకల్లా హోటల్ వదలండి. సనామ్ చై నుంచి ప్యాలెస్ ప్రవేశం దగ్గరలోనే అనుకుంటారు. గోడ పక్కనే కనిపిస్తుంది, గేటు మాత్రం ఉత్తరం వైపు నా ఫ్రా లాన్ రోడ్డు మీద, పావుగంట ఇరవై నిమిషాల నడక.

ఆ నడకలోనే దొంగ మాటలు మొదలవుతాయి. ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు, మంచి ఇంగ్లీషు: "ఈ రోజు పూజ ఉంది, మధ్యాహ్నం ఒంటిగంటకి తెరుస్తారు, ఈలోగా ఇరవై బాత్‌కి టుక్‌టుక్‌లో మూడు గుళ్లు చూసి రండి." ఆ మూడు గుళ్ల మధ్య ఒక రత్నాల కొట్టు, ఒక దర్జీ కొట్టు ఉంటాయి. టుక్‌టుక్ వాడికి కూలి వచ్చేది అక్కణ్ణుంచే. జవాబు చెప్పకుండా గేటు దాకా నడవండి, మూసి ఉందో లేదో గేటే చెప్తుంది. నిజంగా రాజకుటుంబ కార్యక్రమాలకి మూసే రోజులుంటాయి. అవి ప్యాలెస్ సొంత వెబ్‌సైట్‌లో ముందే పెడతారు, సోమవారం రాత్రే చూసుకోండి.

మీ ఏజెంటు చెప్పే సగం రోజు టూరు కూడా దీనికి చుట్టమే, ఏసీ వ్యాను తేడా. అలాంటి వాటిలో మామూలుగా వాట్ త్రైమిత్ బంగారు బుద్ధుడు, ఇంకో గుడి, ఆపైన రత్నాల షోరూమ్‌లో గంట. ప్యాలెస్ ఉండదు, టికెట్ ఖరీదు కదా. బంగారు బుద్ధుడు చూడదగ్గవాడే, ఐదున్నర టన్నులు. సున్నపు పూత కింద దాగి ఉండి, 1955లో కదిలిస్తున్నప్పుడు పూత పగిలి బయటపడ్డాడు. కానీ అది హువా లంఫోంగ్ మెట్రో నుంచి నడిచే దూరం. మంగళవారం యావరాత్‌కి వెళ్లే ముందు నాలుగింటికి చూసేయొచ్చు, వ్యాను దేనికి?

బట్టలు: భుజాలు, మోకాళ్లు కప్పాలి. చున్నీ భుజం మీద వేసుకుంటే చాలదు, చేతులున్న జాకెట్టో కుర్తానో ఉండాలి. బిగుతు లెగ్గింగ్స్ నిషిద్ధాల పట్టికలో ఉన్నాయి, వదులు పైజమా వేసుకోమనండి. మీకు త్రీ ఫోర్త్ వద్దు, ఫుల్ ప్యాంటే. లేకపోతే గేటు ఎదురుగా ఏనుగు బొమ్మల ప్యాంటు కొనక తప్పదు.

లోపల అందరూ మరకత బుద్ధుడి గుడి ముందు తోసుకుంటారు. విగ్రహం 66 సెంటీమీటర్లే, ఎత్తున కూర్చుని ఉంటాడు, లోపల ఫొటో నిషిద్ధం. ఏడాదికి మూడుసార్లు రుతువు మారినప్పుడు రాజే బట్టలు మారుస్తాడు. మనవాళ్లు తీరిగ్గా చూడవలసింది మాత్రం చుట్టూ ఉన్న వసారా గోడలు. రామకియెన్, అంటే వాళ్ల రామాయణం, 178 ఘట్టాలుగా గోడ పొడుగునా గీసి ఉంది. ఉత్తర ద్వారం దగ్గర మొదలుపెట్టి ప్రదక్షిణగా నడవండి. నీడ కూడా అక్కడే. హనుమంతుడు తెల్లగా ఉంటాడు, బ్రహ్మచారి కాడు, ప్రేమకథలు చాలానే ఉన్నాయి. చూసి ఉలిక్కిపడకండి. ఆవరణలో కాపలా కాసే ఆకుపచ్చ రాక్షసుడు రావణుడే, తల మీద తలలు గోపురంలా పేర్చి ఉంటాయి. సోమవారం వాట్ అరుణ్ ద్వారం దగ్గర చూసేదీ ఆయన్నే.

కొత్త పాస్‌పోర్టు

అందరికీ ధన్యవాదాలు. ఏజెంటు టూరు వద్దనేశాం. రెండు సందేహాలు. మెట్రోలో కార్డు తాకిస్తే చాలంటున్నారు, నా క్రెడిట్ కార్డు ఒక్కటే ఉంది, ఇద్దరికీ అదే తాకించొచ్చా? మంగళవారం యావరాత్‌లో మా ఆవిడకి ఏమైనా ఉంటుందా, లేక నేను తింటుంటే చూడ్డమేనా?

పట్టాలమీద

ఒక కార్డుకి ఒక మనిషే. లోపలికెళ్లేటప్పుడు తాకించిన కార్డే బయటికొచ్చేటప్పుడూ తాకించాలి, రెండో మనిషికి అదే తాకిస్తే గేటు ఒప్పుకోదు. ఆవిడకి యంత్రంలో నల్లటి ప్లాస్టిక్ బిళ్ల కొనండి. యంత్రం వెయ్యి నోటు తీసుకోదు, అందుకే ఉదయమే సెవెన్ ఎలెవెన్‌లో నీళ్ల సీసా కొని నోటు విడగొట్టుకోండి. బళ్ల దగ్గరా వెయ్యి నోటు చూస్తే ముఖం చిట్లిస్తారు. మీ కార్డు కూడా వీసా లేదా మాస్టర్‌కార్డ్ అయి ఉండాలి. బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ వాడకం, కాంటాక్ట్‌లెస్ రెండు మీటలూ ఇక్కడే ఆన్ చేసి ఎక్కండి. ఇది మెట్రో బ్లూ లైన్ సంగతి. పైన నడిచే బీటీఎస్ రైలు వేరే సంస్థది, అక్కడ విడిగా టికెట్ కొనుక్కోండి.

ఇంకోటి, ఎవరూ అనలేదు. డిజిటల్ అరైవల్ కార్డు 2025 మే 1 నుంచి తప్పనిసరి. దిగడానికి మూడు రోజుల ముందు నుంచి థాయ్ ఇమిగ్రేషన్ సొంత వెబ్‌సైట్‌లో నింపాలి, ఇద్దరికీ విడివిడిగా. ఉచితం. డబ్బులడిగే సైటు ఏదైనా అది నకిలీయే. వీసా నియమాలు మాత్రం టికెట్ కొన్న రోజు చూశాం కదా అని వదిలేయకండి, ఎక్కే వారం మళ్లీ చూడండి.

కరివేపాకు

చూడ్డమేం కాదు, కాకపోతే ఆవిడది తీపి భోజనం అవుతుంది. వాట్ మంగ్కోన్ స్టేషన్‌లో దిగి ఆరు దాటాక వెళ్లండి, అంతకు ముందు బళ్లు సర్దుకుంటూనే ఉంటాయి. ఆవిడకి వేయించిన చెస్ట్‌నట్ కాయలు, దానిమ్మ రసం, వేడి అల్లం నీళ్లలో నల్లనువ్వుల ఉండ్రాళ్లు. ఈ చివరిది "బువా లోయ్" అని అడగండి, నువ్వులు బెల్లపు పాకంలా లోపల కారుతుంటాయి, ఒక్కసారే కొరికితే నోరు కాలుతుంది. అల్లం పాకంలో సోయా జున్ను కూడా బాగుంటుంది. క్యూ పెద్దగా ఉండే కాల్చిన బన్ను బండి దగ్గర కస్టర్డ్ పూరకంలో గుడ్డు ఉంటుంది, ఆవిడకి వద్దు.

మీకు కాల్చిన రొయ్యలు. తూకం మీదైతే ధర వందగ్రాములకో కిలోకో ముందే అడిగి, తూచాక అంకె చూసి ఒప్పుకోండి. ఆయిస్టర్ ఆమ్లెట్ పేరున్నదే, కానీ వేయించే కొవ్వు పందిది కావచ్చు, అడగకుండా తినకండి. మిరియాల పులుసులో చుట్టిన నూడుల్స్ బండి ముందు జనం విరగబడి ఉంటారు, అది పూర్తిగా పందే. దురియన్ ముక్క కొంటే అక్కడే నిలబడి తినేయండి, మెట్రోలోకి రానివ్వరు, హోటల్లోకీ అంతే.